కొన్న ధర, కొన్న కాలం, దీర్ఘకాల షేరు రాబడి: విశాఖపట్నం కంపెనీల అనుభవం

షేరులో పెట్టిన డబ్బు చివరికి ఎంతవుతుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఎంతకు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, కొన్నాక ఆ కంపెనీ సంపాదన ఏ దారి పట్టింది. ‘మంచి కంపెనీ షేరు కొని పదేళ్ళు మరిచిపోవాలి’ అనే సలహా మూడోదాన్నే చూస్తుంది. మొదటి రెంటినీ కాలమే సర్దేస్తుందని నమ్ముతుంది. ఈ నమ్మకం కొన్ని కంపెనీల విషయంలో నిజం, కొన్నింటి విషయంలో పూర్తిగా తప్పు. ఆ తేడా ఎక్కడుందో చూడడానికి తెలుగునాట విశాఖపట్నం కన్నా తగిన ఊరు లేదు.

1933లో ఓడరేవు తెరుచుకున్నప్పటి నుంచి ఈ ఊరికి పరిశ్రమలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1957లో కాల్‌టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం (ఇప్పటి హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ), 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1977లో మింది దగ్గర హిందుస్థాన్ జింక్ స్మెల్టర్, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, కొత్త శతాబ్దం మొదట్లో భీమిలి దగ్గర దివీస్ మందుల యూనిట్ వెలిశాయి. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం సీతమ్మధారలోని డ్రెడ్జ్ హౌస్‌లో ఉంది. వీటిలో పలు కంపెనీల్లో కేంద్ర ప్రభుత్వం తన వాటాలను వేర్వేరు సంవత్సరాల్లో, బహిరంగంగా ప్రకటించిన ధరలకు అమ్మింది. అందువల్ల ఎవరు ఏ తేదీన ఎంతకు కొన్నారన్నది ఊహ కాదు, రికార్డు. కొన్న ధర ప్రభావాన్ని కొలవడానికి ఇంతకన్నా నికరమైన ఆధారం అరుదుగా దొరుకుతుంది.

రాబడి లెక్క

షేరు రాబడికి మూడు పాయలున్నాయి. కంపెనీ పంచే డివిడెండు ఒకటి. ఒక్కో షేరుకు వచ్చే లాభం ఏటా పెరగడం రెండోది. ఆ లాభానికి మార్కెట్ కట్టే వెల మారడం మూడోది. ఒక్కో షేరుకు 10 రూపాయల లాభం వచ్చే కంపెనీ షేరు 200 రూపాయలు పలికితే దాని పీఈ నిష్పత్తి 20, అదే షేరు 400 పలికితే 40. అమెరికాలో వాన్‌గార్డ్ ఫండ్ సంస్థను స్థాపించిన జాన్ బోగల్ మొదటి రెంటినీ పెట్టుబడి రాబడిగా, మూడోదాన్ని స్పెక్యులేషన్ రాబడిగా విడదీసి చూపించారు. అంతకు చాలా ముందే, 1949లో, బెంజమిన్ గ్రాహం కంపెనీ విలువకూ చెల్లించే ధరకూ మధ్య ఎడం ఉండాలని వాదించారు. లెక్క తప్పినా నష్టాన్ని ఆపేది ఆ ఎడమేనన్నది ఆయన సిద్ధాంతం.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక కంపెనీ లాభం ఏటా 12 శాతం చొప్పున పెరుగుతోందనుకుందాం. డివిడెండును పక్కన పెడదాం. పీఈ 40 ఉన్నప్పుడు షేరు కొన్నవారికి, అమ్మేనాటికి అది 20కి దిగితే, ఐదేళ్ళలో చేతికి వచ్చేది ఏటా సుమారు రెండున్నర శాతం నష్టం. పదేళ్ళు ఆగితే నాలుగున్నర శాతం లాభం. ఇరవై ఏళ్ళకు 8.2 శాతం, ముప్పై ఏళ్ళకు 9.4 శాతం. అంటే కంపెనీ ఏటా 12 శాతం పెరిగినా, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మదుపరికి ఆ 12 అందదు. కాలం గడిచేకొద్దీ ఎక్కువ ధర పెట్టిన తప్పు పలచబడుతుంది గాని మాయం కాదు. ఆ పలచబడడం కూడా లాభం నిజంగా పెరుగుతూ ఉంటేనే. లాభం పెరగని కంపెనీ విషయంలో ఎన్నేళ్ళు ఆగినా కొన్న ధరే చివరి మాట అవుతుంది.

డ్రెడ్జింగ్ కార్పొరేషన్: ఒకే షేరు, మూడు ధరలు

ఓడరేవుల్లోకి పెద్ద ఓడలు రావాలంటే కాలువల అడుగున చేరే ఇసుకనూ మట్టినీ ఎప్పటికప్పుడు తోడిపోయాలి. విశాఖలో తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక కదులుతూ ఉంటుంది. ఓడరేవు దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి అక్కడ చేరిన ఇసుకను తోడి రామకృష్ణా బీచ్ వైపు పంపుతారు. దేశంలోని ప్రధాన ఓడరేవులకు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నది డ్రెడ్జింగ్ కార్పొరేషన్. పని ఎప్పటికీ ఆగదు. కాబట్టి షేరు కూడా నిలకడగా పెరుగుతుందని అనుకోవడం సహజమే.

2004 మార్చిలో కేంద్రం ఈ కంపెనీలో 20 శాతం వాటాను జనానికి అమ్మింది. కనీస ధర రూ. 385 పెడితే చివరికి రూ. 400 దగ్గర ఖరారైంది. అది మార్కెట్ ఉత్సాహంగా ఉన్న కాలం. అదే నెలలో ఓఎన్‌జీసీ వాటాను రూ. 750 చొప్పున అమ్మారు. రెండు నెలలు తిరక్కుండానే లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి, మే 17న సెన్సెక్స్ ఒక్క రోజులో 11 శాతానికి పైగా పడిపోయింది. అయితే రూ. 400కు కొన్నవారికి అసలు పరీక్ష ఆ రోజు కాదు. మార్కెట్ కొన్ని నెలల్లోనే కోలుకుంది. 2005లో సేతుసముద్రం కాలువ పని మొదలై, కంపెనీకి పెద్ద పని దొరికిందన్న ఆశ పెరిగింది. 2007–08 జోరులో షేరు ఇష్యూ ధరకు బాగా పైన తిరిగింది.

తర్వాత కథ మారింది. సేతుసముద్రం తవ్వకం న్యాయస్థానంలో ఆగిపోయింది. ఇంధనం ఖర్చు పెరిగింది, పాత డ్రెడ్జర్లు మరమ్మతులకు ఎక్కువ రోజులు ఆగాయి, టెండర్లలో విదేశీ కంపెనీల పోటీ వచ్చింది. నెదర్లాండ్స్‌లో కట్టించిన మూడు కొత్త డ్రెడ్జర్లు 2012–14 మధ్య చేరాయి. వాటితో పాటు అప్పూ వచ్చింది. 2015 ఆగస్టులో ప్రభుత్వం మరో 5 శాతం వాటాను అమ్మకానికి పెట్టినప్పుడు కనీస ధర రూ. 374. పదకొండేళ్ళ తర్వాత అదే యజమాని అదే షేరును మొదటి ధర కన్నా తక్కువకు ఇచ్చాడన్నమాట. 2019 మార్చిలో మిగిలిన 73 శాతం పైచిలుకు వాటాను విశాఖపట్నం, పారదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ పోర్టులు కలిసి సుమారు రూ. 1,050 కోట్లకు కొన్నాయి. షేరుకు రూ. 510 పడింది.

ఈ మూడు ధరలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2004లో రూ. 400కు కొని 2019 దాకా దాచుకున్నవారికి డివిడెండు కాక ఏటా వచ్చింది 1.6 శాతం. 2015లో రూ. 374కు కొన్నవారికి మూడున్నరేళ్ళలో ఏటా 9 శాతం వచ్చింది. పదిహేనేళ్ళు ఓపిక పట్టినవారి కన్నా మూడున్నరేళ్ళు ఉంచినవారు ముందున్నారు. అదే పదిహేనేళ్ళలో సెన్సెక్స్ 5,590 నుంచి 38,672కు చేరింది, అంటే ఏటా 13.8 శాతం. మరో ఏడాదికి కొవిడ్ వచ్చి ఈ షేరు 510లో సగం కన్నా కిందికి జారింది. 2024లో వెయ్యి దాటింది. కొవిడ్ దెబ్బ నాడు కొన్నవారు నాలుగేళ్ళలో నాలుగింతల పైన చూశారు. 2004 నాటి వాటాదారు ఇరవై ఏళ్ళు ఉంచుకుంటే, ఆ వెయ్యి దగ్గర కూడా ఆయనకు ఏటా దక్కింది ఐదు శాతానికి దగ్గర.

ఇందులో గమనించవలసింది, కంపెనీ ఎక్కడికీ పోలేదు. దాని పని ఆగలేదు, దాని అవసరం తగ్గలేదు. ఒక్కో షేరుకు లాభం మాత్రం పెరగలేదు. దీర్ఘకాలం అన్న మాటను పనికి శాశ్వతత్వం ఉందా లేదా అన్నదానితో కలిపి చూసేవారు ఎక్కువ. షేరుదారుకు కావలసింది లాభంలో పెరుగుదల. ఈ రెంటి మధ్య దూరం డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

హిందుస్థాన్ జింక్: నాలుగు రూపాయల అయిదు పైసలు

2002 ఏప్రిల్‌లో కేంద్రం హిందుస్థాన్ జింక్‌లో 26 శాతం వాటాను స్టెరిలైట్ సంస్థకు షేరు రూ. 40.50 చొప్పున రూ. 445 కోట్లకు అమ్మింది. జింకు ధరలు అంతర్జాతీయంగా నేలబారున ఉన్న రోజులవి. ప్రభుత్వరంగ గనుల కంపెనీ అంటే మార్కెట్ మొహం తిప్పుకునే కాలం.

2011లో పది రూపాయల ముఖవిలువ ఉన్న షేరును రెండు రూపాయల షేర్లు ఐదుగా విడగొట్టి, ఆపైన ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు. అప్పటి ఒక షేరు పదయింది. కాబట్టి 2002 నాటి రూ. 40.50 ఇప్పటి లెక్కలో రూ. 4.05. 2016లో స్వర్ణోత్సవ డివిడెండుగా షేరుకు రూ. 24 ఇచ్చారు. 2017లో మరో రూ. 27.50. అంటే రూ. 4.05 పెట్టినవారికి రెండేళ్ళలో డివిడెండు రూపంలోనే కొన్న ధరకు పన్నెండు రెట్లకు పైగా చేతికి వచ్చింది. 2024 నవంబరులో ప్రభుత్వం తన దగ్గర మిగిలిన 29.5 శాతంలో కొంత అమ్మకానికి పెట్టినప్పుడు కనీస ధర రూ. 505. ఇరవై రెండున్నరేళ్ళలో సుమారు 125 రెట్లు, ఏటా 23 శాతం పైన, డివిడెండ్లు కాక.

ఇదే షేరును 2024 మేలో రూ. 800 దాటాక కొన్నవారు కూడా ఉన్నారు. అది వెండి ధరలు, గనుల షేర్లు ఊపులో ఉన్న సమయం. ఆరు నెలలకే ప్రభుత్వం రూ. 505కు అమ్మింది. కంపెనీ ఒకటే, గనులు అవే, యాజమాన్యం అదే. ఒకరు కొన్న ధర నాలుగు రూపాయలు, మరొకరిది ఎనిమిది వందలు.

2002 అమ్మకంలో ప్రజల ఆస్తిని చవగ్గా ఇచ్చేశారన్న వివాదం న్యాయస్థానాలకెక్కింది. 2021 నవంబరులో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. విశాఖవాసులకు ఇందులో ఇంకో బాధ ఉంది. లాభాల వరద రాజస్థాన్ గనుల నుంచి వచ్చింది. మింది దగ్గరి స్మెల్టర్ 2012లోనే మూతపడింది. షేరు ఇన్ని రెట్లు పెరిగిన కాలంలోనే ఇక్కడ ఉద్యోగాలు పోయాయి. షేరు రాబడినీ ఊరి బాగునూ ఒకే కొలతతో కొలవడం కుదరదని ఒప్పుకోవాలి.

ఉక్కు, చమురు: చవక అనిపించినప్పుడే ప్రమాదం

ఉక్కు, చమురు, రసాయనాల కంపెనీల లాభాలు చక్రంలా తిరుగుతాయి. సరుకు ధర పెరిగిన ఏడాది లాభం ఆకాశాన్నంటుతుంది, పడిన ఏడాది నష్టం వస్తుంది. ఇలాంటి షేర్లలో ధర కన్నా కాలానికి బలం ఎక్కువ.

విశాఖ ఉక్కుకు మార్కెట్లో షేరు లేదు కాబట్టి ప్రభుత్వరంగంలోనే ఉన్న ఉక్కు కంపెనీ సెయిల్‌ను కొలబద్దగా తీసుకోవాలి. 2007 చివర్లో సెయిల్ షేరు రూ. 290 దరిదాపుల్లో ఉంది. 2013 మార్చిలో ప్రభుత్వం తన వాటాలో కొంత అమ్మినప్పుడు కనీస ధర రూ. 63. 2014 డిసెంబరులో రూ. 83. 2021 జనవరిలో రూ. 64. ఎనిమిదేళ్ళ తేడాతో రెండు అమ్మకాల మధ్య తేడా ఒక్క రూపాయి. మధ్యలో 2020 వసంతంలో ఇదే షేరు రూ. 20 దాకా పడింది. ఆ నెలల్లో ధైర్యం చేసినవారికి పది నెలల్లో మూడింతలయింది. 2007 చివర్లో కొన్నవారు మాత్రం 2024లోనూ కొన్న ధరను చూడలేదు.

ఈ రంగంలో పీఈ నిష్పత్తి కూడా దారి తప్పిస్తుంది. 2021–22లో సెయిల్ నికర లాభం రూ. 12,000 కోట్లు దాటింది, షేరుకు రూ. 29 పైన. 2021 మే నాటి రూ. 140 ధరను ఆ లాభంతో పోల్చితే పీఈ ఐదుకు లోపు. పుస్తకం ప్రకారం అది అతి చవక. 2022 మేలో ఉక్కు ఎగుమతుల మీద కేంద్రం 15 శాతం సుంకం వేసింది, బొగ్గు ధర మండింది. మరుసటి సంవత్సరం లాభం రూ. 1,903 కోట్లకు పడిపోయింది. 2022 జూన్‌కే షేరు రూ. 70 లోపుకు వచ్చింది. చక్రపు పరిశ్రమల్లో పీఈ తక్కువగా కనబడేది లాభం శిఖరాన ఉన్నప్పుడు. అది భయపెట్టేంత ఎక్కువగా కనబడేది, లేదా నష్టం వల్ల అసలు లెక్కకే అందనిది, లాభం అడుగంటినప్పుడు. కొనడానికి అనువైన కాలం చాలాసార్లు ఆ రెండోదే. దీన్ని మనసుకు ఎక్కించుకోవడం కష్టం, ఎందుకంటే ఆ సమయంలో వార్తలన్నీ మూసివేతల గురించే ఉంటాయి.

చమురులో కూడా ఇదే. 2018 జనవరిలో ఓఎన్‌జీసీ హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వ వాటా 51.11 శాతాన్ని షేరుకు రూ. 473.97 చొప్పున, మొత్తం రూ. 36,915 కోట్లకు కొన్నది. అదే ఏడాది అక్టోబరులో చమురు కంపెనీలు పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి భారం మోయాలని ప్రభుత్వం చెప్పేసరికి షేరు ఆ ధరలో సగం కన్నా కిందికి పడింది. చమురు రంగాన్ని లోపలి నుంచి తెలిసిన, వేల కోట్లు చేతిలో ఉన్న సంస్థకే కొన్న కాలం అలా ఎదురుతిరిగింది. ఆ కొనుగోలు లాభంలోకి రావడానికి ఆరేళ్ళు పట్టింది. రిఫైనరీ నుంచి వచ్చే ప్రొపిలీన్‌తో విశాఖలోనే ఆక్సో ఆల్కహాల్స్ తయారుచేసే ఆంధ్రా పెట్రోకెమికల్స్ షేరు 2020 మార్చి తర్వాత ఏడాదిన్నరలో ఎన్నో రెట్లు పెరిగి, ఆపైన సగానికి పైగా కరిగింది. ఇదీ అదే కోవకు చెందిన కథ.

దివీస్: ధర తప్పును పెరుగుదల మింగిన చోట

భీమునిపట్నం మండలం చిప్పాడలో దివీస్ లేబొరేటరీస్ రెండో యూనిట్ ఉంది. కంపెనీ హైదరాబాద్‌ది, స్థాపించినవారు మురళి దివి. 2003లో షేరు రూ. 140కి జనంలోకి వచ్చింది. 2007లో పది రూపాయల షేరును రెండు రూపాయల షేర్లుగా విడగొట్టారు, 2009లోనూ 2015లోనూ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు. నాటి ఒక షేరు ఇరవయ్యింది, నాటి రూ. 140 నేటి లెక్కలో రూ. 7. ఆ షేరు 2021 అక్టోబరులో రూ. 5,000 దాటింది.

మధ్యలో చిప్పాడ యూనిట్టే కంపెనీకి పెద్ద గండమైంది. 2016 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ చేసి లోపాలు చూపింది. 2017 మార్చిలో ఆ యూనిట్ సరుకు మీద దిగుమతి ఆంక్ష విధించింది. ఆ వార్త వచ్చిన రోజు షేరు ఐదోవంతు పడింది. 2016లో రూ. 1,200 పైన పలికిన షేరు 2017 వేసవిలో రూ. 600 లోపు దొరికింది. ఆ ఏడాది నవంబరుకల్లా ఆంక్ష తొలగిపోయింది. అక్కడి నుంచి నాలుగేళ్ళలో, ఆంక్షల రోజుల్లో కొన్నవారికి ఎనిమిది రెట్లయింది. ఆంక్షకు ముందు రూ. 1,200కు కొని, సగం పోయినా పట్టుకుని కూర్చున్నవారికి కూడా నాలుగు రెట్లయింది. రెండింతల ధర పెట్టిన తప్పును కంపెనీ పెరుగుదల మింగేసింది. డ్రెడ్జింగ్ షేరుకు జరగనిది ఇదే.

అయితే మంచి కంపెనీకి కూడా హద్దులేని ధర పనికిరాదు. 2021 అక్టోబరులో ఐదు వేల పైన కొన్నవారు 2023 మార్చికి షేరు మూడు వేల లోపుకు రావడం చూశారు, తిరిగి ఆ ధర కనబడడానికి 2024 సెప్టెంబరు దాకా ఆగారు. మూడేళ్ళలో రాబడి దాదాపు సున్న. 2003లో కొన్నవారికి ఆ మూడేళ్ళు లెక్కలోకి కూడా రావు.

సత్యం: పదిహేడు షేర్ల లెక్క

విశాఖలో సత్యం జంక్షన్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. సత్యం కంప్యూటర్స్ షేరు 2008 మేలో రూ. 500 పైన ఉండేది. 2009 జనవరి 7న ఖాతాల్లో మోసం జరిగిందని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న రోజే రూ. 178.95 నుంచి రూ. 39.95కు కూలింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు రూ. 58 చొప్పున కంపెనీని చేజిక్కించుకుంది. 2013లో విలీనమై, ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. 2015లో బోనస్, షేరు విభజన కలిసి ఆ రెండూ ఎనిమిదయ్యాయి.

టెక్ మహీంద్రా షేరును రూ. 1,000గా తీసుకుని లెక్క కడితే ఆ ఎనిమిది షేర్ల విలువ రూ. 8,000. రూ. 58 చొప్పున పదిహేడు షేర్లకు అయింది రూ. 986. పద్నాలుగేళ్ళకు ఎనిమిది రెట్లు, ఏటా 16 శాతం. రూ. 500 చొప్పున అదే పదిహేడు షేర్లు కొన్నవారు పెట్టింది రూ. 8,500. అన్నేళ్ళు ఓపిక పట్టినా, డివిడెండు కాక, అసలు కూడా పూర్తిగా రాలేదు. మోసం బయటపడ్డ కంపెనీ షేరును రూ. 58కి కొనడం సామాన్య మదుపరి చేయగలిగిన పని కాదు. లోపల ఇంకా ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. మురిసిపోయి రూ. 500 పెట్టినవారు మాత్రం లోపల ఏముందో తమకు తెలుసనుకున్నారు.

సూచీ మొత్తం మీద

ఒక కంపెనీని వదిలి మార్కెట్ మొత్తాన్ని చూసినా ఇదే కనబడుతుంది, కాస్త మెత్తగా. హర్షద్ మెహతా కాలంలో 1992 ఏప్రిల్‌లో 4,467కు చేరిన సెన్సెక్స్ 2003 ఏప్రిల్‌లో 3,000 దిగువన ఉంది. పదకొండేళ్ళు దీర్ఘకాలమే, అయినా మూడోవంతు పోయింది. 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసిన సూచీ, 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. ఈ రెండు రోజుల్లో కొన్న ఇద్దరినీ 2019 మార్చి దాకా అనుసరిస్తే మొదటివారికి ఏటా 5.7 శాతం, రెండోవారికి 16.7 శాతం. 2024 సెప్టెంబరు శిఖరం 85,836 దాకా అనుసరిస్తే 8.8, 16.3. పదకొండు శాతం ఎడం ఏడున్నరకు తగ్గింది. పదహారేళ్ళకు కూడా మూసుకోలేదు.

జపాన్ అనుభవం దీనికి కొస. 1989 చివర్లో 38,915 తాకిన నిక్కీ సూచీ ఆ అంకెను మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. పనిచేసే వయసంతా అందులోనే గడిచిపోయింది. భారత మార్కెట్‌కు అలాంటిది రాలేదు కాబట్టి ఇక మీదట రాదనడానికి ఆధారమేదీ లేదు.

విశాఖ ఇళ్ళల్లో షేర్లను ఎక్కువగా పోల్చేది మధురవాడ, గాజువాక వైపు ప్లాట్లతో. షేరులో పోయిందని, ప్లాటులో పోదని అంటారు. ప్లాటుకు రోజూ ఉదయం తొమ్మిదింబావుకు ఎవరూ రేటు పలకరు కాబట్టి, మధ్యలో ధర సగమైనా తెలియదు, అమ్మాలన్న ఆలోచనా రాదు. షేరుకు ఆ రక్షణ లేదు. హైదరాబాద్ స్టాక్ ఎక్స్చేంజి ఉన్న రోజుల్లో (1943లో మొదలై 2007లో గుర్తింపు పోయింది) విశాఖ మదుపరికి రేటు మరునాటి పత్రికలో తెలిసేది, కాగితపు సర్టిఫికెట్టు చేతికి రావడానికి వారాలు పట్టేది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి తెరల మీది వ్యాపారం, 1996లో డీమ్యాట్ వచ్చాక ఆ ఆలస్యం పోయింది. ఫోనులో యాప్ వచ్చాక ఆలోచించుకునే వ్యవధి కూడా పోయింది. కొనే కాలాన్ని ఎంచుకునే వీలు ఎంత పెరిగిందో, తప్పు కాలంలో కొనే వీలూ అంతే పెరిగింది.

విడతలుగా కొనడం

సరైన రోజును ఎవరూ ముందుగా చెప్పలేరు కనుక డబ్బును విడతలుగా పెట్టడం ఒక మార్గం. షేరు రూ. 400, రూ. 800, రూ. 200 ఉన్న మూడుసార్లూ పన్నెండేసి వేలు పెడితే 30, 15, 60 షేర్లు వస్తాయి. మొత్తం 105, సగటున ఒక్కోటి రూ. 343. మూడు ధరల మామూలు సగటు రూ. 467 కన్నా ఇది చాలా తక్కువ, ఎందుకంటే చవకైనప్పుడు ఎక్కువ షేర్లు వచ్చాయి. మ్యూచువల్ ఫండ్లలో దీన్నే సిప్ అంటారు. 2024 ఏప్రిల్‌లో దేశం మొత్తం మీద నెల సిప్ పెట్టుబడులు తొలిసారి రూ. 20,000 కోట్లు దాటాయి.

ఈ పద్ధతి సూచీ ఫండుకు బాగా సరిపోతుంది. ఒకే కంపెనీకి వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. పడుతున్న షేరును ‘యావరేజ్’ చేయడం మార్కెట్ జనానికి అలవాటు. దివీస్‌ను 2017లో యావరేజ్ చేసినవారు బాగుపడ్డారు. సత్యాన్ని 2008 డిసెంబరులో యావరేజ్ చేసినవారు, కంపెనీ మీద నమ్మకంతో ఉన్నదంతా పెట్టి, వారాల్లో పోగొట్టుకున్నారు. చేసిన పని ఒకటే. కింద ఉన్న లాభం నిజమా కాదా అన్నదే ఇద్దర్నీ విడదీసింది. అమ్మే కాలానికి పన్ను కూడా తోడవుతుంది. 2024 జూలై 23 నుంచి ఏడాదికి మించి ఉంచిన షేర్ల లాభంలో రూ. 1.25 లక్షల పైమొత్తం మీద 12.5 శాతం కట్టాలి. పై రాబడి అంకెలన్నీ పన్నుకు ముందువి.

విశాఖ ఉక్కు: ధర కట్టని షేరు

విశాఖలో షేర్ల గురించి మాట్లాడేవారెవరైనా చివరికి ఉక్కు దగ్గరికి వస్తారు. విశాఖ ఉక్కును నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో ఏర్పడింది. 32 మంది ప్రాణాలర్పించిన ఉద్యమం దాని వెనుక ఉంది. 2010లో నవరత్న హోదా వచ్చింది, 2012లో పది శాతం వాటాను జనానికి అమ్మేందుకు పత్రాలు దాఖలయ్యాయి. మార్కెట్ బాగా లేదని అమ్మకం పదే పదే వాయిదా పడి, చివరికి జరగనే లేదు. అమ్మేవారు కూడా కాలం కోసం ఎదురుచూశారు, ఆ కాలం రాలేదు. 2011లో సొంత గనుల ఆశతో ఇదే సంస్థ రూ. 361 కోట్లు పెట్టి ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో 51 శాతం కొన్నది. దాని కింద ఉన్న ఒరిస్సా మినరల్స్ గనులు లీజులు ముగిసి ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం వాటా విక్రయానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2021–22లో సంస్థకు రూ. 913 కోట్ల లాభం, మరుసటి ఏడాది సుమారు రూ. 2,859 కోట్ల నష్టం, ఆ తర్వాతి ఏడాది దాదాపు రూ. 4,849 కోట్ల నష్టం. సొంత ఇనుప గనులు లేని ఉక్కు కర్మాగారానికి చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో ఈ మూడు అంకెలే చెబుతాయి. 2012లో అమ్మకం జరిగి ఉంటే, ఊరి మమకారంతో మొదటి రోజే కొనేవారిలో ఎక్కువమంది ఉక్కునగరం, కూర్మన్నపాలెం ఇళ్ళవారే అయ్యేవారు. వారి జీతమూ పొదుపూ ఒకే చక్రానికి కట్టుబడి ఉండేవి. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో రూ. 10,300 కోట్లు కొత్త ఈక్విటీ, మిగిలిన రూ. 1,140 కోట్లు అప్పు నుంచి ప్రిఫరెన్స్ షేర్లుగా మారేది. ఆ ఈక్విటీ మొత్తం కేంద్రం పేరునే ఉంది. దానికి మార్కెట్ ఇంతవరకు ధర కట్టలేదు.